చెరువు గట్టున రిసార్ట్ వస్తే ఊరికి లాభమేనా?

ములుగు దగ్గర మీ ఊరి చెరువు పక్కన ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చి కాటేజీలు, బోటింగ్ పెడతారట, ఊరికి లాభమా నష్టమా అని అడిగారు. ఇలాంటి చోటే నేను మూడేళ్ళు క్యాంటీన్ నడిపాను, చేతులు కాల్చుకున్నాను కూడా.

ప్రైవేటు అనగానే వద్దనకండి. అంతకుముందు అక్కడి మరుగుదొడ్లకు ఎప్పుడు చూసినా తాళమే. కంపెనీ వచ్చిన నెలకే నీళ్ళొచ్చాయి, గట్టు మీద లైట్లు వెలిగాయి, మా ఊరి పిల్లలు ఎనిమిది మందికి పని దొరికింది.

తేడా కొట్టింది పార్కింగ్ దగ్గర. మొదట్లో బండ్లన్నీ గట్టు కింద చింతచెట్టు దగ్గర ఆగేవి. మక్క కంకులు కాల్చేవాళ్ళు, సీతాఫలాల గంపలు, చాయ్ డబ్బాలు అన్నీ అక్కడే. కంపెనీ కొత్త గేటు పెట్టి పార్కింగ్ లోపలికి మార్చింది. కార్లు అద్దాలు కూడా దించకుండా నేరుగా లోపలికి పోయేవి. ఆరు నెలలు తిరిగేసరికి చెట్టు కింద ఒకే ఒక్క కంకుల పొయ్యి మిగిలింది. వాళ్ళనెవరూ వెళ్ళగొట్టలేదు. అగ్రిమెంటులో ఊరివాళ్ళ అమ్మకాల గురించి ఒక్క ముక్క లేదు, అంతే. నా క్యాంటీన్‌ కూడా నోటిమాట మీద ఇచ్చిందే. కంపెనీ చేతులు మారగానే కొత్త మేనేజర్ "నీ పేరు మా కాగితాల్లో లేదు" అన్నాడు. అడ్వాన్సు లక్షన్నర ఇప్పటికీ రాలేదు.

ఇక నీళ్ళు. లక్నవరం, రామప్ప, పాకాల లాంటి చెరువులు కాకతీయులు పొలాల కోసం తవ్వించినవి. మార్చి వచ్చిందంటే యాసంగి వరికి రైతు తూము ఎత్తమంటాడు. బోట్లవాడికేమో ఎండాకాలం సెలవుల దాకా చెరువు నిండుగా ఉండాలి. మా దగ్గర ఒక రాత్రి తూము మీద కర్రలు లేచేదాకా వచ్చింది. తైబందీలో, అంటే ఈ పంటకు ఎంత ఆయకట్టుకు నీళ్ళివ్వాలో ముందే తేల్చే ఏర్పాటులో, వచ్చిన లెక్కే చెల్లుతుందని, మత్స్య సంఘం వలలకు అడ్డు రాకూడదని ముందే రాయించండి.

ఉద్యోగాల లెక్క చెప్పినప్పుడు నెల జీతం ఎందరికి, శని ఆదివారాల కూలీ ఎందరికి అని విడదీసి అడగండి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక కూడా హైదరాబాద్ నుంచి పొద్దున వచ్చి రాత్రికి తిరిగిపోయేవాళ్ళే ఎక్కువ. సోమవారం నుంచి గురువారం దాకా నా క్యాంటీన్లో ఈగలు తోలుకోవడమే. మేడారం జాతర రెండేళ్ళకోసారి, దాని మీద లెక్కలు కట్టొద్దు.

లీజు అద్దె, ఆదాయంలో వాటా ఎవరికి పోతాయో కూడా చూడండి. మా దగ్గర అవి పైకి పోయాయి, పంచాయతీకి దక్కింది పన్నులే. మీ ఊరు ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతంలో ఉంటే సంగతి వేరు. అక్కడ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది. గనుల లీజుల మీద వచ్చినదే అయినా, 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు ఏజెన్సీలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడాన్నీ తప్పుపట్టింది. ఆ ఒక్క విషయానికి మాత్రం వకీలును కలవండి.

టెండరు పిలవకముందే గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరాఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. సంతకాలయ్యాక నేను రెండేళ్ళు తిరిగాను, ఫైలు కదల్లేదు. ఇప్పటికే అగ్రిమెంటు అయిపోయి ఉంటే సమాచార హక్కు కింద కాపీ అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. టెండరు పడిందో లేదో ఇక్కడ రాస్తే మిగతాది చెప్తాను.