చిన్న విమానం, రెండు రోజుల సెలవు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు తొమ్మిదేళ్ళ కూతురు, ఆరేళ్ళ కొడుకు. నా స్నేహితుడికి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, ఫ్లయింగ్ క్లబ్బులో నాలుగు సీట్ల సెస్నా 172 అద్దెకు తీసుకుని నడుపుతుంటాడు. శనివారమంతా మేం నలుగురం నగరం చుట్టి, ఆదివారం సాయంత్రం అతని విమానంలో అదే నగరం మీద ఒక రౌండ్ కొట్టి ఇంటికి రావాలని ప్లాన్ వేశాను. పిల్లలకి చెప్పేశాను కూడా, ఇక ఇంట్లో వేరే మాట లేదు. మా ఆవిడకేమో టెన్షన్. ఏమేం చూసుకోవాలి?

జవాబు: ప్లాన్ బాగానే ఉంది, వరస తిరగేయండి చాలు. శనివారం పొద్దున్నే విమానం, ఊరు ఆ తర్వాత. ఇలాంటి విమానాన్ని మామూలుగా బయటికి కళ్ళతో చూస్తూ నడుపుతారు, కాబట్టి మబ్బు కిందికి దిగినా, పొగమంచు కమ్మినా, రన్‌వేకి అడ్డంగా గట్టిగా గాలి కొట్టినా ఆ పూటకి ప్రయాణం లేనట్టే. శనివారం కుదరకపోతే ఆదివారం ఉదయం చేతిలో ఉంటుంది. ఆదివారం సాయంత్రానికి పెట్టుకుంటే మాత్రం ఆ తర్వాత ఇంకేమీ లేదు, మర్నాడు బడి, మీకు ఆఫీసు, అందరి కళ్ళూ ఆ పైలట్ మీదే. పైగా ఎండెక్కేకొద్దీ తారురోడ్డు ఒకలా, పక్కనున్న చెరువు ఒకలా వేడెక్కి, వేడిగాలి ఎక్కడికక్కడ పైకి లేస్తుంటుంది. మొత్తం బరువు టన్ను పైచిలుకు మాత్రమే ఉండే విమానం ఆ గాలికి బాగా ఊగుతుంది. పొద్దున్న అయితే గాలి చాలావరకు నిలకడగా ఉంటుంది.

పిల్లలకి చెప్పేశానన్నారు చూడండి, నాకు నచ్చనిది అదొక్కటే. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఆశగా కూర్చుని ఉంటే, అద్దె కట్టి, స్నేహితుణ్ణి రమ్మని పిలిచి, అప్పుడు ‘ఇవాళ వద్దులే’ అనడం ఏ పైలట్‌కైనా కష్టం. వాతావరణం అంతంతమాత్రంగా ఉన్న రోజు, ఎలాగైనా వెళ్ళొచ్చేద్దాం అన్న తొందరలో బయల్దేరి ప్రమాదంలో పడినవాళ్ళు కొత్త పైలట్లలోనూ ఉన్నారు, అనుభవం ఉన్నవాళ్ళలోనూ ఉన్నారు. అందుకే ఈ రోజే ఫోన్ చేసి, ‘నువ్వు వద్దంటే వద్దు, ఎందుకని కూడా అడగను’ అని చెప్పండి. పిల్లలకీ ‘గాలి, మబ్బు ఒప్పుకుంటేనే’ అని మళ్ళీ చెప్పండి. ఏడిస్తే ఇంట్లోనే ఏడుస్తారు, నయం.

ఇంకో లెక్క మీరు మరిచిపోయినట్టున్నారు. నాలుగు సీట్లలో ఒకటి పైలట్‌ది. మీరూ ఇద్దరు పిల్లలూ ఎక్కితే మీ ఆవిడకి చోటు లేదు, ఈ సంగతి ఆవిడకి చెప్పారా? రెండు ట్రిప్పులు వేయడం మేలు: ఒకసారి మీరూ పాపా, ఒకసారి ఆవిడా బాబూ. అసలు నాలుగు సీట్లున్నంత మాత్రాన నలుగురు పెద్దవాళ్ళు ఎక్కొచ్చని కాదు. ఈ మోడల్‌లో కొత్త రకాల్లో టేకాఫ్‌కి గరిష్ఠ బరువు సుమారు 1,157 కిలోలు. అందులో ఖాళీ విమానమే ముప్పావు టన్ను దాకా తినేస్తుంది, ట్యాంకులు నింపితే పెట్రోలు 140 కిలోల పైన. మిగిలింది మనుషులకీ సంచులకీ కలిపి ఇంచుమించు 250 కిలోలు. కాబట్టి మీ స్నేహితుడు బరువెంత అని అడిగితే, వేసుకున్న బూట్లతో సహా ఉన్నదున్నట్టు చెప్పండి. మొహమాటపడి నాలుగు కిలోలు తగ్గించుకునే చోటు కాదిది.

ఆరేళ్ళ పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టకండి, ఎంత గోల చేసినా సరే. అక్కడ కూడా పైలట్‌కి ఉన్నట్టే స్టీరింగ్, కాళ్ళ దగ్గర పెడల్స్ ఉంటాయి. వాడు వెనకే, పక్కన పెద్దవాళ్ళొకరు.

విమానం దగ్గరికి అరగంట ముందే వెళ్ళండి. బయల్దేరే ముందు పైలట్ రెక్క కింద నుంచి కాస్త పెట్రోలు ఒక పారదర్శకమైన గొట్టంలోకి పట్టి, వెలుతురుకి ఎత్తి చూస్తాడు. ఈ విమానాల్లో ఎక్కువగా వాడే పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. అందులో నీళ్ళు చేరి ఉంటే బరువు కాబట్టి అడుగున రంగులేని బుడగలా విడిగా కనిపిస్తాయి. అవి లేవని తేలేదాకా మళ్ళీ మళ్ళీ పడతాడు. పిల్లల్ని పక్కనే నిలబెట్టి చూపించమనండి, పాపకి ఆ గొట్టం చేతికిచ్చి చూడమంటే ఇంకా మంచిది. ఇదంతా చూశాక మీ ఆవిడ టెన్షన్ కూడా సగం తగ్గొచ్చు.

ప్రొపెల్లర్ విషయంలో మాత్రం సరదాల్లేవు. ఇంజన్ ఆగి ఉన్నా, తాళంచెవి తీసేసి ఉన్నా దాన్ని ముట్టుకోకూడదు. ఇంజన్‌కి నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోకి బ్యాటరీతో పనిలేదు, దాన్ని ఆపి ఉంచే తీగ ఎక్కడైనా తెగి ఉంటే చేత్తో కదిపినా ఇంజన్ అందుకోవచ్చు. విమానం దగ్గరికి రెక్క వెనక వైపు నుంచే వెళ్ళాలి, పిల్లాడి చెయ్యి మీ చేతిలో ఉండాలి.

ఇక చూడ్డం సంగతి. సెస్నాకి రెక్క నెత్తి మీద ఉంటుంది కాబట్టి కిందికి అడ్డం ఉండదు, ఊరు చూడ్డానికి ఇంతకంటే అనువైనది దొరకదు. ముందురోజు రాత్రి మ్యాప్ ముందేసుకుని నది వంపు, రైలు పట్టాలు, స్టేడియం గుర్తుపెట్టుకోమనండి, పైనుంచి ముందుగా దొరికేవి అవే. జనం కిక్కిరిసిన చోట, 600 మీటర్ల లోపు ఉన్న అన్నిటికంటే ఎత్తైన కట్టడానికి కనీసం 300 మీటర్ల పైన ఎగరాలన్నది అంతర్జాతీయ నియమం, కనుక బస చేసిన గది కిటికీ కనబడుతుందని ఆశపెట్టకండి. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు చాలు. లోపల బాత్రూమ్ లేదు, గుర్తుంచుకోండి.

దిగాక పిల్లలు ఆ హోరుకీ ఊపుకీ డీలా పడతారు. మధ్యాహ్నం నాలుగు మ్యూజియంలు తిప్పొద్దు. పైనుంచి చూసిన వంతెన ఒకటి ఎంచుకుని దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడవండి. మిగతా ఊరికి ఆదివారం ఉంది.

డబ్బు గురించి ఒక మాట: ప్రైవేట్ లైసెన్స్‌తో జీతంగానో కిరాయిగానో డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పకూడదు. ఖర్చు పంచుకోవడం చాలా దేశాల్లో ఒప్పుకుంటారు, అయితే పైలట్ తన వాటా తను పెట్టుకోవాలి. ఎంతివ్వాలో ముందే అతన్నే అడగండి.

ప్రశ్న: మావాడికి కారెక్కితేనే వాంతులు. పైగా జలుబు. వచ్చేవారం తీసుకెళ్ళొచ్చా?

జవాబు: జలుబు తగ్గేదాకా వద్దండీ. ఈ విమానాల్లో లోపలి గాలి పీడనం పెంచే ఏర్పాటు ఉండదు, ముక్కు మూసుకుపోయి ఉంటే దిగేటప్పుడు చెవి నొప్పికి పెద్దవాళ్ళే కేకలు పెడతారు. వాంతుల సంగతంటారా, ఖాళీ కడుపుతోనూ వద్దు, నిండా తినీ వద్దు. చేతిలో ఫోను, పుస్తకం ఉండకూడదు, దూరంగా నేలా ఆకాశం కలిసే చోటు చూడమనండి, గాలి గొట్టం మొహం మీదికి తిప్పండి. సంచి మీ చేతిలోనే పట్టుకోండి. మందు వేయాలంటే డాక్టర్ని అడిగే వేయండి.

ప్రశ్న: మా అమ్మాయి ఈమధ్యే లైసెన్స్ తెచ్చుకుంది. ‘అమ్మా, ఈ శనివారం నిన్ను తిప్పుతా’ అంటోంది. నాకు అరవై దాటాయి. గాల్లో ఇంజన్ ఆగిపోతే ఏం గతి?

జవాబు: రాయిలా కింద పడదండీ, జారుతూ దిగుతుంది. సెస్నా 172 అయితే గాలి నిలకడగా ఉన్నప్పుడు వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు వెళ్తుంది, అంటే దిగే చోటు చూసుకోవడానికి నాలుగు నిమిషాల వ్యవధి. మీ అమ్మాయి చేత ట్రైనింగ్‌లో ఇది పదేపదే చేయించి ఉంటారు. అలా ఆగకుండా ఒక్కో సిలిండర్‌కి రెండేసి స్పార్క్ ప్లగ్గులు, మాగ్నెటోలు కూడా రెండు.

మీరు అడగాల్సింది వేరే ఉంది: ‘గత మూడు నెలల్లో ఎన్నిసార్లు దింపావే?’ అనండి. మనుషుల్ని ఎక్కించుకోవాలంటే 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలని చాలా దేశాల్లో రూలు. తను అంతకంటే బాగా ఎక్కువే చెబితే నిశ్చింతగా ఎక్కండి. ముందు సీట్లోనే కూర్చోండి, చేతిసంచి వెనక పెట్టి, కాళ్ళు పెడల్స్‌కి తగలకుండా లాక్కోండి. టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు మాత్రం ఆ కొద్ది నిమిషాలూ ‘జాగ్రత్తమ్మా’ అని కూడా అనకండి, హెడ్‌సెట్‌లో ఆ పిల్ల వినాల్సింది టవర్ మాట.

ప్రశ్న: పిల్లల సంగతి సరే, నాకే ఒక్కసారి నడపాలని ఉంది. లైసెన్స్ లేకుండా కుదురుతుందా?

జవాబు: భేషుగ్గా. చాలా ఫ్లయింగ్ స్కూళ్ళలో ట్రయల్ పాఠం ఉంటుంది. మిమ్మల్ని ఎడమ సీట్లో, అంటే పైలట్ సీట్లో కూర్చోబెట్టి, ఇన్‌స్ట్రక్టర్ కుడి పక్కన తన కంట్రోల్స్ మీద చేతులు సిద్ధంగా పెట్టుకుంటారు. పైకెళ్ళాక మలుపులు మీరే తిప్పొచ్చు. స్టీరింగ్‌ని బిగించి పట్టుకోకండి, రెండు వేళ్ళు చాలు.