గుర్రప్పందెం జాకీ అయిన మేనల్లుణ్ణి పోగొట్టుకున్న సహోద్యోగిని ఎలా పలకరించాలి?

మీరు అడిగినవి రెండు. ఐర్లండ్‌లో మీతో పనిచేసే ఆయన మేనల్లుడు కంచెలు దూకే గుర్రప్పందెంలో పడి చనిపోయాడు, ఆయన్ను ఎలా పరామర్శించాలి అన్నది మొదటిది. ఇంత ప్రమాదమని తెలిసీ ఈ ఆటను ఎందుకు సాగనిస్తున్నారు అన్నది రెండోది. నేను కొన్నేళ్ళుగా కార్క్ కౌంటీలోని మ్యాలోలో ఉంటున్నాను. ఊరి పక్కనే రేస్‌కోర్సు ఉంది. మా పక్కింటి అబ్బాయి ఆదివారాల్లో పాయింట్-టు-పాయింట్ అనే అమెచ్యూర్ (వృత్తిగా కాక సరదాగా స్వారీ చేసేవాళ్ళ) పందేల్లో స్వారీ చేస్తాడు. నేను గుర్రం ఎక్కలేదు, పందెం కాయలేదు. వీళ్ళ మధ్య ఉండి చూసినదే చెబుతున్నాను.

‘ఇష్టమైన పని చేస్తూ పోయాడు’ అని మాత్రం అనకండి. 2025 ఫిబ్రవరిలో మైకేల్ ఓసలివన్ అనే జాకీ చనిపోయినప్పుడు మా ఆఫీసులో ఈ మాట పదేపదే విన్నాను. అతనిది మాకు దగ్గర్లోని లాంబర్డ్స్‌టౌన్. వయసు 24. డబ్లిన్‌లో వ్యవసాయ శాస్త్రం చదువుకున్న కుర్రాడు. 2023లో ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్ పందేల తొలిరోజునే రెండు రేసులు గెలిచాడు, అందులో ఒకటి మరీన్ నేషనల్ అనే గుర్రం మీద. 2025 ఫిబ్రవరి 6న థర్లెస్ రేస్‌కోర్సులో ఆఖరి కంచె దగ్గర అతని గుర్రంతో కలిపి మూడు గుర్రాలు పడ్డాయి. ఆ రోజు మిగిలిన రేసులు రద్దు చేశారు. హెలికాప్టర్‌లో కార్క్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. 16న చనిపోయాడు, కుటుంబం అవయవదానం చేసింది. అంటే అతను పోయింది గుర్రం మీద కాదు, పది రోజుల తర్వాత ఆసుపత్రిలో. ఆ ఓదార్పు మాటలో ఈ పది రోజులకు చోటు లేదు. మా పక్కింటావిడ కొడుకు రేసును ఎప్పుడూ చూడదు. రేసు అయిపోయిందని అతను ఫోన్ చేసేదాకా ఏదో ఒక పని పెట్టుకుని వంటింట్లోనే ఉంటుంది. ‘ఇష్టమైన పని’ అనే మాట ఆవిడ నోట నేను వినలేదు.

మనకు రేసులంటే మలక్‌పేట. రేసుల్లో డబ్బు తగలేసి ఇల్లు గుల్ల చేసుకున్న మామయ్యల కథలు ప్రతి కుటుంబంలోనూ ఒకటైనా ఉంటాయి, కానీ ఆ కథల్లో జాకీ కనిపించడు. పైగా అక్కడ జరిగేవి చదును నేల మీద పరుగులు. ఇక్కడి చేజ్ అనే కంచెల రేసులో ఒక్కో కంచె కనీసం నాలుగున్నర అడుగుల ఎత్తు, దూరం రెండు మైళ్ళ నుంచి నాలుగు మైళ్ళు దాటేదాకా ఉంటుంది. చదును పరుగులో జాకీ పడటం అరుదు. ఇక్కడ సుమారుగా పదిహేను స్వారీలకు ఒకసారి పడతాడు. పడటాన్ని ఎలాగూ తప్పించలేరు కాబట్టి ఎలా పడాలో నేర్పుతారు: మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని ముడుచుకుపోవాలి, వెనకాల వచ్చే గుర్రాలన్నీ దాటేవరకు కదలకూడదు. చాలాసార్లు దెబ్బ నేల వల్ల తగలదు, వెనక నుంచి వచ్చే అర టన్ను బరువు వల్ల తగులుతుంది. హెల్మెట్, వెన్నును కాపాడే జాకెట్ తప్పనిసరే, కానీ మెడను అవి కాపాడలేవు. జె.టి. మెక్‌నమారా అనే అమెచ్యూర్ 2013లో చెల్టెన్‌హామ్‌లో పడి మెడ కిందికి చచ్చుబడి, 2016లో చనిపోయాడు.

మొదటిసారి మ్యాలో రేసులకు వెళ్ళినప్పుడు నా కళ్ళు గుర్రాల మీద నిలవలేదు. పక్క దారిలో వాటితో సమానంగా పరుగెత్తే అంబులెన్సునే చూస్తూ ఉండిపోయాను. ప్రమాదం జరిగాక పిలిచే బండి కాదది, పందెంలో భాగం. ఈ ఆటను ఎందుకు ఆపరంటే, ఇక్కడివాళ్ళు ప్రమాదాన్ని దాచుకోరు, ఒప్పుకునే ఆడతారు. 1752లో బట్టివెంట్ చర్చి నుంచి డోనరైల్ చర్చి దాకా ఇద్దరు మనుషులు గోడలూ గుంటలూ దూకుతూ పందెం వేసుకున్నారని, స్టీపుల్‌చేజ్ అనే ఈ కంచెల పందెం అలా మొదలైందని చెప్పుకుంటారు. ఆ రెండు ఊళ్ళూ ఈ కౌంటీలోనే, మాకు దగ్గరలోనే ఉన్నాయి. చట్టం చేసి ఒక్క రోజులో మాన్పించగలిగిన అలవాటు కాదు.

అయినా తగ్గించగలిగింది కొంత ఉంది. గుర్రం కంటికి నారింజ, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధించి చెప్పాక, బ్రిటన్‌లో కంచెల మీద నారింజ రంగు తీసి తెలుపు వేయడం మొదలుపెట్టారు. అన్నేళ్ళూ మనిషికి కనిపించే రంగే వేశారన్నమాట. నిషేధం గురించి వాదించడం కంటే ఇలాంటి పనుల కోసం ఒత్తిడి చేయడం మేలని నా అభిప్రాయం. గుర్రం సంగతి వేరు. జాకీ తెలిసే ఎక్కుతాడు, దానికి ఆ అవకాశం లేదు. మరి దాని ప్రాణాన్ని పణంగా పెట్టడం న్యాయమేనా అన్న ప్రశ్నకు ఇక్కడి స్నేహితులెవరూ నాకు తృప్తికరమైన జవాబు చెప్పలేదు.

వీళ్ళ సంతాపం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, మీకు పనికొస్తుంది. ఓసలివన్ పోయిన నెలలోపే, మార్చి 12న, మరీన్ నేషనల్ చెల్టెన్‌హామ్‌లో క్వీన్ మదర్ చాంపియన్ చేజ్ అనే పెద్ద రేసు గెలిచింది. స్వారీ చేసింది షాన్ ఫ్లానగన్. ఆఫీసు క్యాంటీన్ టీవీ ముందు ఎప్పుడూ అరిచి గోల చేసేవాళ్ళు ఏడుస్తూ నిలబడ్డారు. మా ఆఫీసులోని ఒక పెద్దాయనకు వెంటనే కియరన్ కెల్లీ అనే జాకీ గుర్తొచ్చాడు. కెల్లీ 2003లో హార్డీ యూస్టేస్ అనే గుర్రం మీద చెల్టెన్‌హామ్‌లో గెలిచి, అదే ఏడు ఆగస్టులో కిల్బెగన్ రేసుల్లో పడి చనిపోయాడు. మరుసటి ఏడు అదే గుర్రం మరో జాకీతో చాంపియన్ హర్డిల్ అనే రేసు గెలిచింది. ఇక్కడ చనిపోయిన జాకీ పేరు గుర్రం పేరుతో కలిసే నాలుక మీదికి వస్తుంది.

కాబట్టి మీ సహోద్యోగిని మేనల్లుడు ఎక్కిన గుర్రాల గురించి అడగండి. ప్రమాదం ఎలా జరిగిందని అడగవద్దు, అది ఆయన ఇప్పటికే చాలామందికి చెప్పి ఉంటాడు. మరణ ప్రకటనలో ఇంటికి రావద్దని రాసి ఉంటే ఇంటికి వెళ్ళకండి, చర్చికో ఫ్యునరల్ హోముకో వెళ్ళండి. అక్కడ కుటుంబమంతా వరుసగా కూర్చునో నిలబడో ఉంటుంది. ప్రతి ఒక్కరి చెయ్యీ పట్టుకుని, మీకు తెలియనివారిది కూడా, ‘చాలా బాధగా ఉంది’ అని ముందుకు కదలడమే. అంతకు మించి ఎవరూ ఆశించరు. వాళ్ళు క్యాథలిక్కులైతే చర్చి ఆఫీసులో మాస్ కార్డు (పోయినవారి కోసం చర్చిలో ప్రార్థన జరుపుతారని తెలిపే కార్డు) దొరుకుతుంది. మనం హిందువులమైనా ఇవ్వవచ్చు, నేను ఇచ్చాను. నెల తిరిగేసరికి మళ్ళీ ఒక ప్రార్థన జరుపుతారు, మన మాసికం లాంటిదే. మొదటి రోజుల జనం అప్పటికి పలచబడతారు. మీరు ఒక్కసారే వెళ్ళగలిగితే దానికే వెళ్ళండి.