ఫైట్ల కోసమే చూస్తే సగం సినిమా పోయినట్టే

అడిగిన ప్రశ్న ఇది: “చైనా వాళ్ల పాతకాలం కత్తియుద్ధాల సినిమాల్లో ఫైట్లు బాగుంటాయి కానీ, మధ్యలో వచ్చే దర్బారు రాజకీయం ఒక్క ముక్క అర్థం కాదు. ఎవడు ఎవడి మనిషో తెలియదు. అదంతా దాటేసి ఫైట్లు మాత్రం చూస్తే సరిపోతుందా? మొదలుపెట్టడానికి ఒక మంచి సినిమా చెప్పండి.”

సరిపోదు. నన్నడిగితే ఫైట్లు దాటేసి రాజకీయం చూసినా నష్టం తక్కువే. వీటిని మనవాళ్లు వీరుల కథలనుకుని చూస్తారు, అక్కడే వస్తుంది చిక్కంతా. ఇవి ఉద్యోగుల కథలు. కత్తి అక్కడ సర్కారు ఇచ్చిన సామాను, అంతే. ప్రమోషన్లు, లంచాలు, పై అధికారి మనసులో ఏముందో తెలియక పట్టే చెమటలు, ఇవీ అసలు కథ. ఇంట్లో రిటైరైన గవర్నమెంటు ఉద్యోగి ఒక్కరున్నా చాలు, పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

సినిమా పేరు ‘బ్రదర్‌హుడ్ ఆఫ్ బ్లేడ్స్’. 2014లో వచ్చింది, దర్శకుడు లు యాంగ్. కథ 1627లో, మింగ్ వంశం చివరి దశలో జరుగుతుంది. అన్నదమ్ముల్లా ఉంటామని ఒట్టు పెట్టుకున్న ముగ్గురు జిన్‌యీవెయ్‌లో పనిచేస్తుంటారు. జిన్‌యీవెయ్ అంటే చక్రవర్తి సొంత పోలీసు. అరెస్టు, సోదా, జైలు, చిత్రహింస అన్నీ వాళ్ల చేతుల్లోనే, మామూలు న్యాయస్థానాలకు మధ్యలో పనిలేదు. పేరు వింటేనే జనం వణుకుతారు. కానీ ఈ ముగ్గురి జేబుల్లో చిల్లిగవ్వ లేదు. పెద్దవాడు లూ జియన్‌షింగ్‌కి ప్రమోషన్ కావాలి. రెండోవాడు షెన్ లియాన్‌ (చాంగ్ చెన్ వేశాడు) ఒకమ్మాయిని వేశ్యాగృహం నుంచి డబ్బు కట్టి విడిపించాలి. చిన్నవాడు జిన్ యీచువాన్‌ దగ్గర, గుట్టు బయటపెడతానని బెదిరిస్తూ ఒక పాత పరిచయస్తుడు డబ్బు గుంజుతుంటాడు. ముగ్గురికీ అవసరం ఒక్కటే, డబ్బు.

సరిగ్గా అప్పుడే కొత్త చక్రవర్తి, పదవి పోయిన వెయ్ జోంగ్‌షియన్ అనే పెద్దమనిషిని వేటాడి చంపమని ఆజ్ఞ ఇస్తాడు. అంతఃపుర నపుంసకుల్లో అతనిది మకుటం లేని మహారాజు స్థాయి. పట్టుకోవడానికి వెళ్లిన షెన్ లియాన్ ముందు అతను బంగారం పెడతాడు. షెన్ లియాన్ ఒక కాలిపోయిన శవాన్ని పట్టుకుని తిరిగొస్తాడు. అసలు సంగతి మిగతా ఇద్దరికీ చెప్పడు. సినిమా మొత్తం ఆ శవం చుట్టూ తిరుగుతుంది. ఇంతకంటే చెప్పను.

ఇక మా ఇంట్లో జరిగింది. మా మామయ్యగారు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు. ఏ శాఖో చెప్పను కానీ, శవ పంచనామాలకు కూడా వెళ్లాల్సిన ఉద్యోగం అంటే మీకే అర్థమవుతుంది. రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆయనది, వార్తా చానళ్ల అరుపులు ఆయనవి. ఆ రోజు మాత్రం రిమోట్ నా చేతిలో ఉంది. ఈ సినిమా పెట్టాను. కాసేపు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. లూ జియన్‌షింగ్ ప్రమోషన్ కోసం పై అధికారికి వెండి ముట్టచెప్పే చోటికి వచ్చేసరికి పేపరు కిందికి దిగింది.

“ఏమ్మా, వీడికి సీనియారిటీ ఉందా?”

“ఉన్నట్టే ఉంది మామయ్యగారూ. ఆ కొలువులు చాలావరకు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవట.”

“ఓహో, కారుణ్య నియామకం అన్నమాట. అయితే వీణ్ణి ఎవడూ లెక్కచెయ్యడు.” ఇంకో నిమిషం చూసి, “ఆ ఆఫీసరు పని చెయ్యడు చూడు. చేసేవాడైతే మొదటిసారే ఎంతో చెప్పేస్తాడు. మళ్లీ మళ్లీ తెప్పించుకునేవాడు ఎప్పుడూ చెయ్యడు” అన్నారు.

ఇది సినిమా రివ్యూలు రాసేవాళ్లలో ఒక్కడు చెప్పాడా? వాళ్లంతా కెమెరా ఎటు తిరిగింది, కత్తి ఎలా మెరిసింది అని రాస్తారు. ఆయన రెండు నిమిషాల్లో కథ నాడి పట్టేశారు.

అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ “ఆ గడ్డం మీసం లేని ముసలాయన ఎవరే?” అని అడిగారు. మీకూ అదే గుర్తు. ఈ సినిమాల్లో పెద్ద వయసు వచ్చినా నున్నటి ముఖంతో, మెత్తగా మాట్లాడే మనిషి కనబడితే అంతఃపుర నపుంసకుడని అనుకోండి. చాలాసార్లు అధికారం అతని దగ్గరే ఉంటుంది.

కాలిన శవం వచ్చేసరికి మామయ్యగారు లేచి నిలబడ్డారు. సినిమా ఆపమన్నారు. “గుర్తుపట్టిందెవరు? బంధువులేరీ? పంచాయతీదారుల సంతకాలేవి?” అని నన్నే నిలదీశారు, శవం నేనే తెచ్చినట్టు. తర్వాత తన సర్వీసులో కాలవ గట్టున ఒక శవం పక్కన, గుర్తుపట్టేవాళ్లు వచ్చేదాకా ఎండలో కూర్చున్న సంగతి మొదలైంది. పైనుంచి ఒకటే ఒత్తిడి, ఫలానావాడే అని రాసి పంపెయ్యమని. ఈయన రాయలేదు. ఆ తర్వాత ప్రమోషన్ లిస్టులో ఈయన పేరు రావాల్సిన చోట జూనియర్ పేరు వచ్చింది. రెంటికీ సంబంధం ఉందని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు, ఆ రోజూ అనలేదు. కూర్చుని, “పైవాళ్లకి ఫైలు మూసెయ్యాలని ఉంటే బొగ్గయినా శవమేనమ్మా. పెట్టు, చూద్దాం” అన్నారు.

అక్కడి నుంచి చివరిదాకా కళ్లార్పలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆయనకు లెక్కే కాదు, జీవితమంతా ఇంగ్లీషు నోట్ ఫైళ్లు రాసిన మనిషి. కొన్నిటిని పైకి చదివి అత్తయ్యగారికి తెలుగులో చెప్పారు కూడా. ఆ తెలుగు ముందు మన డబ్బింగులు దిగదుడుపే. ఈ డబ్బింగుల సంగతి ఎవరైనా పట్టించుకోవాలి. నాలుగు వందల ఏళ్ల కిందటి సేనాపతి చేత “రేయ్, నీకు మూడింది రా” అనిపిస్తారు, చక్రవర్తి చేత కూడా అదే గొంతుతో అదే మాట అనిపిస్తారు. ఎవరు ఎవరికి లొంగి మాట్లాడుతున్నారో తెలియకపోతే ఇక దర్బారు రాజకీయం ఏం అర్థమవుతుంది! మీరు డబ్బింగులో చూసి ఉంటే తప్పు మీది కాదు.

సరే, ఆ రాజకీయానికి మూలం ఎక్కడుందో చెప్తాను. మింగ్ మొదటి చక్రవర్తి 1380లో ప్రధానమంత్రి పదవినే రద్దు చేశాడు, ఎవడూ తనకు పోటీ కాకూడదని. దాంతో దేశంలోని కాగితమల్లా చక్రవర్తి బల్ల మీదికే వచ్చిపడింది. ఆయనకు ఓపిక ఉంది, చదివాడు. తర్వాత వచ్చినవాళ్లకు లేదు. పండితులైన అమాత్యులు ప్రతి అర్జీకీ ఏం జవాబివ్వాలో ముసాయిదా రాసి చిన్న చీటీ అంటించేవారు. దాని మీద చక్రవర్తి ఎర్ర సిరాతో ఆమోదం రాయాలి. విసుగొచ్చిన చక్రవర్తులు ఆ ఎర్ర కలాన్ని దగ్గరుండే నపుంసకులకు ఇచ్చేశారు. ఇంకేముంది, ముసాయిదా ఎవరు రాసినా ఎర్ర సిరా ఎవరిదో రాజ్యం వాళ్లది. మన గెజిటెడ్ ఆఫీసర్ల ఆకుపచ్చ సిరా మహిమ తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పైగా వాళ్ల చేతిలో దోంగ్‌చాంగ్ అని ఇంకో రహస్య సంస్థ ఉంది, 1420లో పుట్టింది. జిన్‌యీవెయ్ మీద కూడా కన్నేసి ఉంచడం దాని పని. వెయ్ జోంగ్‌షియన్ 1623 నుంచి దానికి అధిపతి. అప్పటి చక్రవర్తి తియాన్‌చీకి వడ్రంగం పిచ్చి. ఆయన రంపం, చిత్రిక పట్టుకుని ఒళ్లు మరిచి ఉన్నప్పుడు చూసి వెయ్ కాగితాలు తీసుకెళ్లేవాడని, “నువ్వే చూసుకో” అనిపించుకుని వచ్చేవాడని చెప్పుకుంటారు. చదవడం రాయడం రాని మనిషి ఈ వెయ్. ఎదిరించిన పండితుల్ని జైల్లో చంపించాడు. బతికుండగానే అతనికి గుళ్లు కట్టారు. 1627లో తియాన్‌చీ పోయి, పదహారేళ్ల తమ్ముడు చోంగ్‌జెన్ గద్దెనెక్కాడు. కొన్ని నెలలు ఏమీ ఎరగనట్టు ఊరుకుని, తర్వాత వెయ్‌ని రాజధాని నుంచి వెళ్లగొట్టాడు. దారిలో ఒక సత్రంలో వెయ్ ఉరేసుకున్నాడని చరిత్ర. సినిమా ఆ ఒక్క చోట వేలు పెట్టి, అతను చావకపోయుంటే అని అడిగింది. అంత చిన్న మార్పు మీద అంత కథ నిలబెట్టడం తమాషా కాదు.

మన జానపద సినిమాల్లోనూ కత్తీ ఉంది, కుట్రా ఉంది. కత్తి కాంతారావు ఒకవైపు, సింహాసనం కాజేద్దామని చూసే రాజనాల ఇంకోవైపు. కానీ మనకు చివర్లో హీరో ఎక్కడో పెరిగిన రాకుమారుడని తేలుతుంది, కిరీటం పెట్టేస్తారు, శుభం. వాళ్లకు ఆ సుఖం లేదు. షెన్ లియాన్ ఏ రాజుకీ తప్పిపోయిన కొడుకు కాదు, మధ్య రకం ఉద్యోగి. గెలిచినా సింహాసనం మీద కూర్చునేది వేరేవాడే. ఆ చోంగ్‌జెన్ కూడా ఏం సుఖపడ్డాడు? 1644లో తిరుగుబాటుదారులు బీజింగ్‌లోకి వస్తే రాజప్రాసాదం వెనక కొండ మీద చెట్టుకి ఉరేసుకున్నాడు. ఇది తెలిసి సినిమా చూస్తే ఆ దర్బారులో ఒకరినొకరు తొక్కుకునేవాళ్లంతా ఇంకో రకంగా కనిపిస్తారు.

ఇది నచ్చితే వెనక్కి వెళ్లి కింగ్ హు తీసిన ‘డ్రాగన్ ఇన్’ చూడండి, 1967 నాటిది. కథాకాలం 1457. యూ చియాన్ అనే మంత్రి అంతకు ఎనిమిదేళ్ల ముందు, చక్రవర్తి మంగోలుల చేతికి చిక్కితే, ఆయన తమ్ముణ్ణి గద్దెనెక్కించి బీజింగ్‌ని కాపాడాడు. చిక్కిన చక్రవర్తి తిరిగొచ్చి, చివరికి మళ్లీ గద్దెనెక్కి, ఆ మంత్రి తలే తీయించాడు. ఊరు కాపాడినందుకు దక్కిన బహుమానం! సినిమాలో అలాంటి మంత్రి పిల్లల్ని సరిహద్దుకు తరుముతుంటే, దారిలో చంపడానికి దోంగ్‌చాంగ్ మనుషులు ఒక సత్రంలో కాపు వేస్తారు. చాలాసేపు ఎవరూ కత్తి దూయరు. భోజనం చేస్తూ, నవ్వుతూ మాట్లాడుకుంటూ ఒకరినొకరు కొలుచుకుంటారు. ఫైట్లు సమకూర్చిన హాన్ యింగ్‌జియె పెకింగ్ ఒపేరా (పాటా, ఆటా, విన్యాసాలూ కలిసిన చైనా సంప్రదాయ నాటకం) నుంచి వచ్చినవాడు, అందుకే దెబ్బకి ముందు ఆ ఆగడం, ఆ లయ. ఫోన్లో ఒకటిన్నర స్పీడులో చూసేవాళ్లకు ఇది దొరకదు, వాళ్ల ఖర్మ.

‘బ్రదర్‌హుడ్ ఆఫ్ బ్లేడ్స్’కి 2017లో రెండోది వచ్చింది, కానీ అందులో కథ మొదటిదానికి ముందు జరిగేది. అయినా 2014 సినిమాయే ముందు చూడండి. రెండోదాంట్లో షెన్ లియాన్‌ని బెదిరించి, సొంత ఆఫీసు రికార్డు రూముకే నిప్పు పెట్టమంటారు. మామయ్యగారికి ఇంకా చూపించలేదు. రికార్డు రూములు తగలబడటం గురించి ఆయన మొదలుపెడితే ఆ రాత్రి ఇంటర్వెల్ దాకా కూడా వెళ్లలేం.