కొంబుచా ఇంట్లో చేసుకోవచ్చా? ఇంటిల్లిపాదీ తాగొచ్చా?

ప్రశ్న: నా వయసు 48. మాది తెనాలి. రెండు నెలల కిందట యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి వారం రోజులు యాంటీబయాటిక్ వాడాను. అప్పటి నుంచి ఏం తిన్నా పొట్ట ఉబ్బరంగా ఉంటోంది. ప్రోబయోటిక్ డ్రింక్ తాగితే తగ్గుతుందని స్నేహితురాలు కొంబుచా (పులియబెట్టిన తీపి టీ) చేసుకోమంది. స్కోబీ అని, ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి కట్టిన ఒక జిగట బిళ్ల కూడా ఇచ్చింది. యూట్యూబ్‌లో చూసి గాజు జార్‌లో వేశాను. పది రోజులకు పైన తెల్లటి పొర కట్టింది, పుల్లటి వాసన వస్తోంది. తాగొచ్చా? మావారికి షుగర్ ఉంది. మా అత్తగారు కీళ్లవాతానికి స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. మా అమ్మాయి ఐదో నెల, పుట్టింటికి వచ్చింది. అందరం తాగొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ జార్ సంగతి చూద్దాం. వెలుతురులో పెట్టి, పైపొరను పక్క నుంచి గమనించండి. నున్నగా, తడిగా, రోజురోజుకూ మందమవుతుంటే అది కొత్తగా కడుతున్న స్కోబీయే. పల్చగా, ముడతలు ముడతలుగా తేలుతుంటే బయటి నుంచి చేరిన ఈస్ట్ కావచ్చు. దానివల్ల సాధారణంగా హాని ఉండదు గానీ రుచి పాడవుతుంది. పొడిగా, నూగు నూగుగా ఉండి పచ్చ, నలుపు, బూడిద రంగు మచ్చలు కనబడితే మాత్రం అది బూజే. అప్పుడు బిళ్లతో సహా మొత్తం పారబోయాలి. ఆవకాయ మీద బూజు పడితే గరిటెతో తీసేసి మిగతాది వాడుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. అక్కడే అది మంచి పద్ధతి కాదు, ఇక్కడైతే అసలు పనికిరాదు. బూజు వదిలే విషపదార్థాలు కింది నీళ్లలోకి దిగుతాయి. తేల్చుకోలేకపోతే పారబోయండి. పోయేది కాస్త చక్కెర, టీపొడే.

కొంబుచాలో జరిగేది ఇదీ. తీపి టీలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా, గ్యాస్‌గా మారుస్తుంది. ఆ ఆల్కహాల్‌ను బ్యాక్టీరియా పులుపుగా మారుస్తుంది. అంతా మారదు, కొంత మిగులుతుంది. చాలా దేశాల్లో 0.5 శాతం లోపు ఆల్కహాల్ ఉంటేనే మామూలు డ్రింక్‌గా అమ్మనిస్తారు. ఇంట్లో కొలిచేవాళ్లెవరూ ఉండరు. పొద్దున్నే దించిన నీరా ఎండెక్కేసరికి కల్లవడం మీకు తెలిసిందే, ఇక్కడా పనిచేసేది ఈస్టే. మన వేసవిలో పులియడం త్వరగా జరుగుతుంది. పైగా నురగ కోసం సీసా బిగించి రెండోసారి పులియబెట్టమని వీడియోల్లో చెబుతుంటారు. దాంతో ఆల్కహాల్ పెరుగుతుంది, గ్యాస్ ఎక్కువైతే సీసా పగిలి గాజు పెంకులు ఎగురుతాయి. ఆ రెండో విడత మానేయండి.

కొంబుచా విషమని నేను అనడం లేదు. 1995లో అమెరికాలోని అయోవాలో ఇంట్లో చేసిన కొంబుచా తాగుతున్న ఇద్దరు మహిళలకు రక్తంలో ఆమ్లం విపరీతంగా పెరిగింది, వారిలో ఒకరు చనిపోయారు. కొంబుచాయే కారణమని రుజువు కాలేదు. ఆరోగ్యవంతులు రోజుకు 120 మిల్లీలీటర్ల లోపు తాగితే ఇబ్బంది ఉండకపోవచ్చని అప్పట్లో అక్కడి అధికారులు చెప్పారు. నేనూ దాదాపు అదే కొలత చెబుతాను. పెద్ద గ్లాసుల లెక్కన తాగేది కాదిది.

ఇక మీ ఇంట్లో వాళ్ల గురించి. నన్నడిగితే ఏ డ్రింక్ మంచిదన్నదానికన్నా ఎవరు తాగుతున్నారన్నదే ముఖ్యం.

మీ అత్తగారికి చుక్క కూడా వద్దు. స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ రెండూ రోగనిరోధక శక్తిని తగ్గించేవే. మామూలు మనిషికి ఏమీ చేయని సూక్ష్మజీవి ఆవిడ రక్తంలోకి వెళ్తే ప్రమాదం కావచ్చు. ఇంట్లో పులిసిన దాంట్లో మంచివే పెరిగాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు లివర్ మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచుతాం, ఆల్కహాల్ కొంచెమైనా ఎందుకు? కాచిన పాలతో తోడేసిన తాజా పెరుగు, మజ్జిగ ఆవిడకు సాధారణంగా ఇబ్బంది చేయవు. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా తగ్గాయని చెప్పి ఉంటే మాత్రం ఆ డాక్టర్‌ని అడగండి.

అమ్మాయికీ వద్దు. ఆల్కహాల్, కెఫీన్, కాచకుండా తాగే డ్రింక్, ఈ మూడూ గర్భిణికి అనవసరం. మజ్జిగ తాగమనండి.

మీవారి విషయంలో చక్కెర చూడాలి. లీటరు టీకి 70, 80 గ్రాముల చక్కెర వేస్తారు. అదంతా సూక్ష్మజీవులే తినేస్తాయని చాలామంది అనుకుంటారు. వారం, పది రోజుల్లో సగానికి పైగా మిగిలి ఉండొచ్చు, పులుపు చాటున ఆ తీపి నాలుకకు తెలియదు. షుగర్ తగ్గడానికి కొంబుచా అని ఎవరైనా చెబితే నమ్మి మందు మానొద్దు.

మీకు రుచి నచ్చితే, ఎసిడిటీ లేకపోతే, కొద్దిగా తాగొచ్చు. గుండెలో మంటకు రోజూ పాంటాప్రజోల్ లాంటివి వేసుకునేవాళ్లకు కడుపులో ఆమ్లం తగ్గి, బయటి క్రిములు చచ్చే అవకాశమూ తగ్గుతుంది. వాళ్లు దూరంగా ఉండటమే మేలు. పొట్ట బాగోలేదని మెట్రోనిడజోల్ రాసిస్తే ఆ కోర్సు అయ్యేదాకా, తర్వాత మూడు రోజులూ కొంబుచా ముట్టొద్దు, అందులో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి.

చేసేటప్పుడు ఒక్క మెట్టు మాత్రం దాటేయకండి. కొత్త టీ పూర్తిగా చల్లారాక లీటరుకు 100 మిల్లీలీటర్ల పాత పుల్లటి కొంబుచా తప్పక కలపాలి. బిళ్ల ఒక్కటే వేస్తే చాలదు. మొదటి రోజు నుంచే పులుపు ఉంటే చెడ్డ క్రిములు తలెత్తవు. పులుపును కొలిచే పీహెచ్ స్ట్రిప్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ అంకె తగ్గుతుంది, వారం లోపు అది 4.2 కన్నా కిందికి దిగకపోతే ఆ జార్ వదిలేయండి. గాజు జార్ వాడారు, మంచిపని చేశారు. పుల్లటి మజ్జిగ ఇత్తడి గిన్నెలో పోస్తే కిలుం పడుతుందనే కదా పెద్దవాళ్లు కళాయి పూయించేవారు. రాగి, ఇత్తడి, అల్యూమినియం పనికిరావు, రంగుల పింగాణీ జాడీలూ అంతే. ఆస్ట్రేలియాలో పింగాణీ కుండలో కొంబుచా చేసుకుని తాగిన దంపతులకు ఒంట్లో సీసం (లెడ్) చేరిన కేసు వైద్య పత్రికలో నమోదైంది.

అసలు ఇది ప్రోబయోటిక్కేనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2001లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం సూక్ష్మజీవులు బతికి ఉండాలి, తగినంత సంఖ్యలో ఉండాలి, ఆరోగ్యానికి మేలు చేస్తాయని తేలి ఉండాలి. పులిసిన ప్రతిదీ ఆ లెక్కలోకి రాదు. ఇడ్లీ పిండి పులుస్తుంది, ఆవిరికి ఆ సూక్ష్మజీవులు పోతాయి. మజ్జిగ పులుసూ అంతే. కొంబుచా మీద మనుషుల్లో జరిగిన పరిశోధనలు చాలా తక్కువ. ఆ మాటకొస్తే ఇంటి పెరుగులో ఏ రకం ఎంత ఉందో కూడా కొలిచి చెప్పలేం. కాకపోతే అది మన పొట్టకు అలవాటైనది, పైనుంచి వేసిన చక్కెర ఉండదు, చెడితే వాసనతోనే పట్టేస్తాం.

అందుకే మీకు నేను చెప్పేది మజ్జిగే. కప్పు పెరుగుకు మూడు కప్పుల నీళ్లు పోసి చిలికి, నలిపిన దబ్బాకు, చిటికెడు ఉప్పు వేసి మధ్యాహ్నం తాగండి. తరవాణి మీద మనసుంటే అదీ చేసుకోవచ్చు. వండిన అన్నం చల్లారగానే కుండలో వేసి, కాచి చల్లార్చిన నీళ్లు మునిగేదాకా పోసి, గుడ్డ కట్టి ఉంచితే తెల్లారేసరికి పులుపెక్కుతుంది. నీళ్లు పోయకుండా రాత్రంతా బయట వదిలేసిన అన్నం సంగతి వేరు. అందులో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా పెరిగితే అది చేసే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. మజ్జిగ తాగిన ప్రతిసారీ ఉబ్బరం పెరుగుతుంటే పది రోజులు పాలు, పెరుగు మానేసి చూడండి, పాలు పడకపోవడం కావచ్చు.

యాంటీబయాటిక్ వల్ల వచ్చే ఉబ్బరం మామూలుగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మీకు రెండు నెలలైంది. 50కి దగ్గర పడుతున్న మహిళలో కొత్తగా మొదలై తగ్గని ఉబ్బరాన్ని గ్యాసేలే అని వదిలేయకూడదు. ఒకసారి పొట్ట, కటి భాగం అల్ట్రాసౌండ్ చేయించుకోండి, అండాశయాలు కూడా చూడాలి. టెన్షన్ పడాల్సిన పని లేదు, చాలామందిలో ఏమీ ఉండదు. వీటితో పాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు సరిపోతాయి. బరువు తగ్గుతున్నా, కొద్దిగా తినగానే కడుపు నిండినట్టున్నా, మలంలో రక్తం పడుతున్నా, జ్వరంతో నీళ్ల విరేచనాలు అవుతున్నా ఆగకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు అప్పుడు వాడిన యాంటీబయాటిక్ చీటీ కూడా తీసుకెళ్లండి.