వాగు బాగుచేతకు డబ్బు ఎక్కడిది, ఎవరిని కలుపుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: కల్వకుర్తి వైపు మీ ఊరి పొలిమేరలో దుందుభి వాగు మూడు కిలోమీటర్ల మేర సర్కారు తుమ్మతో మూసుకుపోయింది, పాత చెక్‌డ్యామ్ పక్క నుంచి తెగింది. యువజన సంఘం బాగు చేద్దామంటోంది. ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యతగా లాభంలోంచి పెట్టే ఖర్చు) కింద మొత్తం ఇస్తుందా, ఎవరెవరితో కలవాలి? ఇలాంటి పనుల కాగితాలు, లెక్కలు చూస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నా.

మొత్తం ఒక్కరే ఇవ్వాలని చూడకండి. ఏ పనికి ఏ డబ్బు చెల్లుతుందో ఆ పనిని ఆ డబ్బుకే కట్టండి. తుమ్మ పెకలించడం ఒకరిది, చెక్‌డ్యామ్ రిపేరు ఒకరిది, గట్ల మీద మొక్కలు ఒకరివి. అన్నిటికంటే ముందు దొరకబుచ్చుకోవాల్సింది రెండో ఏడు, మూడో ఏడు నిర్వహణ డబ్బు. ఎక్కువ వాగులు మళ్లీ మూసుకుపోయేది అది లేకనే.

ఎవరి దగ్గరికైనా పోయేముందు కొలతలు చేతిలో ఉండాలి. చాలామంది "పూడిక తీస్తాం" అని ఒక మాట రాసి పంపుతారు. లెక్క వేసి చూడండి: 3,000 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు అంటే 30,000 ఘనపు మీటర్లు. ట్రాక్టర్ డబ్బాలో మూడు ఘనపు మీటర్లు పడతాయనుకుంటే 10,000 ట్రిప్పులు. ఆ మట్టి ఎక్కడ పోస్తారో చెప్పలేకపోతే ఆ ప్రతిపాదన అక్కడే ఆగిపోతుంది. పైగా దుందుభి లాంటి ఇసుక వాగులో ఇసుక తీయనే కూడదు. వాన నీళ్లు నిలిచేది ఇసుక రేణువుల మధ్య సందుల్లోనే, పక్క బావులకు ఊట అక్కడి నుంచే. ఇసుక అనేది గనుల శాఖ పరిధిలోని ఖనిజం, వాల్టా (నీరు, నేల, చెట్ల రక్షణ) చట్టం కూడా వర్తిస్తుంది. అనుమతి లేకుండా ట్రిప్పు కదిలితే కేసు మీ సంఘం మీద పడుతుంది. కాబట్టి కాగితం మీద "లోతు చేయడం" అనే మాట రాయకండి. తుమ్మ తొలగింపు, చెక్‌డ్యామ్ వెనక పేరుకున్న ఒండ్రు తీత, గట్టు బలపరచడం అని విడివిడిగా రాయండి. ఒండ్రును రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకుంటే ఆ భారం తగ్గుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు మట్టి విషయంలో నడిచిన పద్ధతి ఇదే. ఎవరు ఎన్ని ట్రిప్పులు తీసుకుంటారో ముందే సంతకాలతో రాయించుకోండి.

తర్వాత గ్రామసభ తీర్మానం. అందులో సర్వే నంబర్లు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, పొడవు స్పష్టంగా ఉండాలి. మండల సర్వేయర్‌తో నక్ష ప్రకారం వాగు హద్దులు రాళ్లు పాతించాకే యంత్రం దించండి. గట్టు మీద పట్టా భూములున్న రైతును కూర్చోబెట్టి మాట్లాడకుండా పని మొదలుపెడితే మూడో రోజే కోర్టు నోటీసు వస్తుంది, కంపెనీ వెనక్కి తగ్గుతుంది. చెక్‌డ్యామ్ ముట్టుకోవాలంటే నీటిపారుదల శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) నుంచి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. కిందికి డిండి వైపు పోయిన కొద్దీ అమ్రాబాద్ పులుల అభయారణ్యం దగ్గరవుతుంది. మీ పని హద్దు అడవిలోకి వస్తే అటవీ శాఖతో మొదటి రోజే మాట్లాడాలి.

ఇక సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, అంతకు మించి ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు చేయాలి. అదే చట్టం ఏడో షెడ్యూల్ నాలుగో అంశంలో సహజ వనరుల రక్షణ, నేల, నీటి నాణ్యత ఉన్నాయి కాబట్టి వాగు పని అందులోకి వస్తుంది. కంపెనీ తను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అందుకే హైదరాబాద్ హెడ్డాఫీసుల చుట్టూ తిరగడం కన్నా జడ్చర్ల, పోలేపల్లి వైపు ప్లాంట్లున్న వాళ్లను ముందు అడగండి. ఒక కంపెనీ వాగులోకి మురుగు వదిలి, దాన్ని శుద్ధి చేయాల్సిన చట్టబద్ధ బాధ్యతను సీఎస్ఆర్‌గా చూపడం మాత్రం చెల్లదు. అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

మీ యువజన సంఘానికి నేరుగా డబ్బు రాదు. అమలు చేసే సంస్థకు ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, ఇలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం, సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా నమోదైనట్టు చూపే సీఎస్ఆర్-1 నంబరు కావాలి. అవి ఉన్న స్వచ్ఛంద సంస్థను భాగస్వామిగా తీసుకుని త్రైపాక్షిక ఒప్పందం రాసుకోండి: సంస్థ, పంచాయతీ, కంపెనీ. ఈ పనికి వేరే బ్యాంకు ఖాతా, మీ సంఘం నుంచి ఒకరు సభ్యుడిగా ఉన్న కమిటీ, బిల్లు పాస్ కావాలంటే ఆ కమిటీ తీర్మానం. ఈ మూడు మాటలు ఒప్పందంలో లేకపోతే డబ్బు వచ్చిన తర్వాత మీ మాట చెల్లదు.

కాలం చాలా ముఖ్యం. వాగులో పని జరిగేది జనవరి నుంచి మే చివరి దాకానే. కంపెనీలేమో మార్చి 31లోగా ఖర్చు చూపాలని ఫిబ్రవరిలో తొందరపెడతాయి. మీరు జులై, ఆగస్టుల్లో అడిగితే జనవరికి డబ్బు చేతికొస్తుంది. పనిని బహుళ సంవత్సరాల ప్రాజెక్టుగా ఆమోదింపజేసుకోండి. అప్పుడు మిగిలిన డబ్బును కంపెనీ ఏప్రిల్ 30లోగా ప్రత్యేక ఖాతాలోకి మార్చి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడవచ్చు. నిర్వహణ డబ్బు దొరికే దారి ఇదే. వాగు కాపలాదారు జీతం కూడా ప్రాజెక్టు ఖర్చుగానే రాయండి.

పంచాయతీ వైపు చూస్తే, 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. గట్ల మీద ఏరుమద్ది, కానుగ, నేరేడు, వెదురు దీంట్లోంచే నాటించవచ్చు, మొక్కలు పంచాయతీ నర్సరీలో పెంచుకోవచ్చు. వాగుకు చేరే ఒర్రెల మీద రాతికట్టలు, కందకాలు ఉపాధి హామీకి సరిపోతాయి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఉపాధి హామీ కూలీలు చేసిన బిట్టులోనే సీఎస్ఆర్ డబ్బుతో జేసీబీ దించి రెండుచోట్లా బిల్లు పెడతారు. ఉపాధి పనుల లెక్కలను ఊళ్లోనే సరిచూసే సోషల్ ఆడిట్‌లో అది బయటపడితే రికవరీ పడుతుంది, కంపెనీ మళ్లీ మీ ఊరి వైపు చూడదు. నక్ష మీద రంగులు వేసి ఏ బిట్టు ఎవరి డబ్బుదో గీసి, అదే నక్షను అందరి ఫైళ్లలో పెట్టండి.

జేసీబీ బిల్లు గంటల లెక్క. పని మొదలైనప్పుడు, ఆగినప్పుడు డ్యాష్‌బోర్డులోని గంటల మీటరును తేదీ, లొకేషన్ కనిపించేలా ఫోటో తీయండి, పుస్తకంలో డ్రైవర్‌తో, మీ మనిషితో సంతకం చేయించండి. ఆడిటర్ మొదట అడిగేది ఇదే. విడతలు 40, 40, 20 శాతంగా వస్తే, చివరి 20 శాతం వినియోగ ధ్రువపత్రం (వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం) ఇచ్చాకే విడుదలవుతుంది. డీజిల్ పోసుకుని వచ్చిన జేసీబీ యజమాని అప్పటిదాకా ఆగడు. అందుకే చివరి విడతకు మొక్కలు, కంచె లాంటివి పెట్టుకోండి, యంత్రం పని మొదటి రెండు విడతల్లో ముగించండి.

తుమ్మను నరికితే పని అయినట్టు కాదు. మొదలు దగ్గర, నేలకు కాస్త లోపల చిగుళ్లు పుట్టే గడ్డ ఉంటుంది. అది మిగిలితే ఒక చెట్టు నాలుగు కొమ్మల పొదగా లేస్తుంది. జేసీబీ బకెట్‌తో గడ్డతో సహా పెకలించి, వేరు పైకి తిప్పి ఎండలో పడేయాలి. కట్టెను బొగ్గు బట్టీల వాళ్లు కొంటారు. పంచాయతీలో బహిరంగ వేలం వేసి ఆ సొమ్మును అదే వాగు ఖాతాలో జమ చేయండి. మేకలు, పశువులు తుమ్మకాయలు తిని పేడలో గింజలు వదులుతాయి కాబట్టి, మొదటి వానల తర్వాత, మళ్లీ అక్టోబర్‌లో లేతమొక్కలు చేతితో పీకించాలి. ఆ కూలీ ఖర్చు మూడేళ్లకు ముందే బడ్జెట్‌లో రాయండి.

చెక్‌డ్యామ్ పక్క నుంచి ఎందుకు తెగిందో ఇంజనీరుతో చూపించండి. పక్కగోడలు గట్టులోకి చాలినంత దూరం పోకపోతే మొదటి పెద్ద వరదకే నీరు చుట్టు తిరిగి గట్టును కోస్తుంది. మధ్య గోడకు ఎంత సిమెంటు పూసినా లాభం లేదు. డబ్బు పక్కగోడల మీదా, కింద నీరు దూకే చోట రాతి పరుపు మీదా పెట్టాలి.

కంపెనీకి ఫలితం చూపాలంటే వాగుకు రెండు వైపులా ఐదేసి పాత మోటబావులు, పనిచేయని బోర్లు ఎంచుకుని మే, నవంబర్ నెలల్లో టేపుతో నీటిమట్టం కొలవండి. మోటార్ ఉన్న బోరులో టేపు ఇరుక్కుంటుంది, వాటిని వదిలేయండి. వాగుకు దూరంగా ఉన్న మూడు బావులు కూడా కొలిస్తేనే పెరిగింది వానకా, మీ పనికా అనేది తేలుతుంది. మొదటి మే కొలత పని మొదలవకముందే పూర్తి కావాలి.