బీపీ అదుపులోకి వచ్చిందని మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 57 ఏళ్లు. రెండేళ్లుగా టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., అమ్లోడిపిన్ 5 మి.గ్రా. కలిసిన మాత్రను రోజూ ఉదయం వేసుకునేదాన్ని. ఎక్కువ కాలం వాడితే కిడ్నీలు పాడవుతాయని తెలిసినవాళ్లు అనడంతో, బీపీ కూడా 124/78కి వచ్చిందని మూడు నెలలుగా రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తోంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ నెల రోజులుగా వాడుతున్నాను. నిన్న బీపీ 158/96 వచ్చింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా ఎసిక్లోఫెనాక్‌ను ఈరోజే ఆపండి. మీరు రాసిన వాటన్నింటిలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ మాత్రే. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రల వల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి రక్తపోటు పెరుగుతుంది, బీపీ మందు పూర్తిగా పనిచేయదు. కిడ్నీలోని వడపోత భాగానికి రక్తాన్ని తెచ్చే సన్నని నాళాన్ని నొప్పి మాత్ర ముడుచుకునేలా చేస్తుంది. అక్కడి నుంచి రక్తాన్ని తీసుకుపోయే నాళాన్ని టెల్మిసార్టాన్ వెడల్పు చేస్తుంది. ఈ రెండూ ఒకేసారి జరిగితే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. దీనికి తోడు మూత్రం ఎక్కువగా పోయేందుకు ఇచ్చే మాత్ర కూడా వాడుతున్నా, వాంతులు, విరేచనాలు, వడదెబ్బ వంటి వాటితో ఒంట్లో నీరు తగ్గినా, కొద్ది రోజుల్లోనే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీకు తెలిసినవాళ్లు బీపీ మాత్రను అనుమానించారు గానీ, నిజానికి కిడ్నీలకు హాని చేసేవి అదుపులో లేని రక్తపోటు, ఎడాపెడా వాడే నొప్పి మాత్రలు. టెల్మిసార్టాన్ వర్గానికి చెందిన మందులను మధుమేహం వల్ల మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి కిడ్నీలను కాపాడేందుకే ఇస్తాం. అయితే ఈ మందు కొందరిలో రక్తంలోని పొటాషియాన్ని పెంచుతుంది కాబట్టి, కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్, దానితోపాటు పొటాషియం పరీక్షలు అప్పుడప్పుడూ చేయించుకోవాలి. నెల రోజులు రెండు మాత్రలూ కలిపి వాడారు కనుక మీరు ఈ వారంలోనే ఆ పరీక్షలు చేయించుకోండి. ఆ ఫలితం తెలిసేవరకు, బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు జోలికి వెళ్లవద్దు. అందులో సోడియం బదులు కలిపేది చాలావరకు పొటాషియమే.

124/78 వచ్చిందంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. టెల్మిసార్టాన్ ప్రభావం సుమారు ఒక రోజు ఉంటుంది. అమ్లోడిపిన్ ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. అందువల్ల మాత్ర వేసుకోని రోజున మీకు పూర్తి రక్షణ ఉండదు. మూత్రం తగ్గడం, ముఖం ఉబ్బడం, వాంతులు వంటివేవీ లేకపోతే, మీ డాక్టరు రాసిన మోతాదునే మళ్లీ రోజూ ఒకే వేళకు వేసుకోండి. ఉదయమా రాత్రా అన్నది పెద్ద విషయం కాదు, మరిచిపోకుండా ఉండే వేళను ఎంచుకుంటే చాలు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. మర్నాటి మాత్ర వేళ దగ్గరపడితే మాత్రం దాన్ని వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు. మెటోప్రొలాల్, క్లోనిడిన్ వంటి బీపీ మాత్రలు వాడే పాఠకులు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటిని ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు గానీ, గుండె నొప్పి గానీ ఉన్నట్టుండి పెరగవచ్చు.

చీలమండల వాపు అమ్లోడిపిన్‌తో తరచుగా కనిపించే దుష్ప్రభావమే, కానీ నొప్పి మాత్రతోనూ వాపు వస్తుంది. నొప్పి మాత్ర ఆపిన తరువాత కూడా వాపు తగ్గకపోతే మీ డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. ఒక కాలికే వాపు వచ్చినా, ఆయాసం ఉన్నా ఆలస్యం చేయకూడదు. మోకాళ్ల నొప్పికి పారాసిటమాల్‌ను డాక్టరు చెప్పిన మోతాదులో వాడవచ్చు గానీ, నీళ్లలో వేస్తే బుసబుస పొంగే రకం వద్దు, అందులో సోడియం ఎక్కువ. తొడ కండరాలకు వ్యాయామం చేయడం, బరువు తగ్గడం మోకాళ్లకు నిజంగా మేలు చేస్తాయి. జలుబు మాత్రల్లో కలిపే ఫెనైలెఫ్రిన్ కూడా రక్తపోటును పెంచగలదని గుర్తుంచుకోండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు, మించకూడదు. పెరుగన్నంలోకి నంజుకునే ఊరమిరపకాయ, ఆవకాయ, అప్పడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

డాక్టరును కలిసేలోగా వారం రోజులపాటు ఇంట్లోనే బీపీ చూసి రాసి పెట్టుకోండి. కాఫీ, టీ తాగి అరగంట దాటాక, వీపు ఆనించి అయిదు నిమిషాలు మౌనంగా కూర్చుని, పట్టీని భుజానికీ మోచేతికీ మధ్య చుట్టి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవండి. ఇంటి కొలతల సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చికిత్సను సరిచూడాలి. ఎప్పుడైనా 180/120 దాటి, దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, కాలో చెయ్యో పడిపోవడం, చూపు మసకబారడం వంటివి ఉంటే, ఇంట్లో ఇంకో మాత్ర వేసుకుని చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల షీట్లన్నీ తీసుకెళ్లండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇంట్లో ఉండి, వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకుంటూ కళ్లు తిరిగి పడిపోయేవారు ఉన్నారు. షీటు వెనుక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరును డాక్టరు చేతనో, ఫార్మసిస్టు చేతనో ఒకసారి చదివించుకోండి.