టెక్ సందేహాలు: యాప్ తర్వాత, ముందు మెకానిక్‌లు

ప్రశ్న: మాది మధురవాడ. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఏసీ మెకానిక్‌లను వైజాగ్ మొత్తానికి అందించే యాప్ పెట్టాలని ఇద్దరు స్నేహితులం అనుకుంటున్నాం. చేరమంటే పనివాళ్లు ‘ఆర్డర్లు వస్తాయా?’ అంటున్నారు. వాళ్లు లేకపోతే ఆర్డర్లు ఎలా వస్తాయి? యాప్ తయారీకి అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ఈ చిక్కు యాప్‌తో తీరేది కాదు. ఇటు అమ్మేవాళ్లు, అటు కొనేవాళ్లు ఇద్దరూ కావాల్సిన వ్యాపారంలో ముందు ఒకవైపు వాళ్లను మనమే కాళ్లరిగేలా తిరిగి కూడగట్టాలి. 2006లో బస్ టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్‌బస్‌ను పెట్టిన ఫణీంద్ర సామ బృందం చేసిందదే. బెంగళూరులో బస్ ఆపరేటర్లను కలిసి, ఒప్పించి, కొద్ది సీట్లతో అమ్మకం మొదలుపెట్టారు.

వైజాగ్ మొత్తం వద్దు. గాజువాక మెకానిక్ మధురవాడ ఆర్డర్‌కు రాడు, వచ్చినా సగం పూట దారిలోనే పోతుంది. ఒక ఏరియా, ఒక పని చాలు. నన్నడిగితే ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఏసీ సర్వీసింగ్ ఎంచుకోమంటాను. ఉప్పుగాలికి అక్కడ బయటి యూనిట్ రేకులు తెల్లటి పొడిగా మారి రాలిపోతాయి, గ్యాస్ లీకవుతుంది. ఒకసారి బాగుచేయిస్తే తీరిపోయే బాధ కాదది.

పని తెలిసిన మెకానిక్‌లను నలుగురైదుగురిని పట్టుకోండి. మొదట్లో కమీషన్ అడగొద్దు. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో చెప్పండి. బుకింగ్‌లకు గూగుల్ ఫామ్, లెక్కలకు ఒక షీట్ ఉంటే పని జరిగిపోతుంది. ఎవరిని ఏ ఇంటికి పంపాలో మీరే ఫోన్ చేసి చెప్పండి. మెకానిక్ ఎందుకు ఆలస్యమయ్యాడు, కస్టమర్ ఎక్కడ బేరమాడాడు అన్నవి అప్పుడే తెలుస్తాయి. రేపు యాప్‌లో ఏముండాలో వాటిని బట్టే తేల్చుకోవాలి.

అసలు గండం ఆ తర్వాత ఉంది. మొదటి సర్వీసింగ్ అవగానే మెకానిక్ తన నంబర్ ఇచ్చేస్తాడు. రెండోసారి మీకు ఫోన్ రాదు. షరతులు పెట్టి దీన్ని ఆపలేరు. మీ ద్వారా చేయిస్తే 30 రోజుల వారంటీ, బిల్లు, గ్యాస్ ఎప్పుడు నింపారన్న రికార్డు ఇవ్వండి. మెకానిక్‌కు ఒకే వీధిలో వరుసగా పనులు చూపించండి, పెట్రోల్ మిగిలితే అతనూ మిమ్మల్ని వదలడు. పాత కస్టమర్లలో ఎంతమంది మళ్లీ మీకే ఫోన్ చేస్తున్నారో చూస్తూ ఉండండి. ఆ సంఖ్య పెరుగుతుంటే అప్పుడు యాప్ గురించి మాట్లాడదాం.

ప్రశ్న: కస్టమర్ల డబ్బు మా ఖాతాలో వేయించుకుని, మా వాటా ఉంచుకుని మిగతాది పంచొచ్చా?

జవాబు: వద్దు. ఆర్‌బీఐ అనుమతి ఉన్న పేమెంట్ అగ్రిగేటర్‌తో, అంటే కస్టమర్ల డబ్బు తీసుకుని అందాల్సిన వాళ్లకు చేర్చే సంస్థతో ఒప్పందం చేసుకుంటే, ఎవరి వాటా వాళ్ల ఖాతాకు ఆ సంస్థే పంపుతుంది. అంతవరకు మెకానిక్‌కే నేరుగా యూపీఐ చేయమనండి. ముందుగా ఒక సీఏను కలవండి. ప్లంబింగ్, కార్పెంటరీ లాంటి ఇంటి సేవలు ఆన్‌లైన్‌లో అందిస్తే, పనివాళ్లకు జీఎస్టీ నమోదు అక్కర్లేకపోయినా ఆ పన్ను మీరే కట్టాలి. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపుంటే జీఎస్టీ నమోదు అక్కర్లేదన్న మినహాయింపు మీకు వర్తించదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి కూడా ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.